వడ్లగింజంత తేడా

మీరే చంపారు. చేతులు దులుపుకొని పక్కకు జరగకండి, మీరే. కొబ్బరికాయ కొట్టి, రాయి పాతి, మళ్లీ ఈ దిక్కు తల తిప్పనివాళ్లు. పద్నాలుగు పేజీల టెండరు కాగితాన్ని ఇంగ్లీషులో రాసి మాదిగవాడ గోడకు అంటించినవాళ్లు. కమిటీ పేరుతో కాజు బిస్కెట్లు నములుతూ ముద్ర గుద్దినవాళ్లు. ఆ ముద్ర పడేటప్పుడు నోరు తెరవాల్సి ఉండీ తెరవనివాడు. అందరూ కలిసి చంపారు. బూట్ల షెడ్డు దానంతట అదే చచ్చిందని పేపర్లో రాయించారు. కాలం మారిందట. జనం ప్లాస్టిక్కుకు మరిగారట. కాలానికి చేతులుంటాయా, సంతకాలు పెట్టడానికి?

ఈ మాటలు జమున నోట్లో ఏడాదిగా నానుతున్నాయి. మింగలేదు, ఉమ్మలేదు.

జమున చొప్పదండి దగ్గరి చర్మకారుల సొసైటీకి ఆఖరి సెక్రటరీ. నలభై ఏళ్ల మనిషి. ఇంటర్ ఒకసారి తప్పి మళ్లీ కట్టి పాసయింది, వాడలో కాగితం చదవగలిగిన పెద్ద చదువు అదే గనుక సెక్రటరీ అయింది. అరవై రెండు మందితో మొదలైన సొసైటీలో ఇప్పుడు బతికున్నవాళ్లు పదకొండు మంది. తోలుకు తూటు పొడిచే ఆరె చేత పట్టి బూటు కుట్టగలిగినవాళ్లు ఇద్దరే. ఒకరు జమున తండ్రి మొండయ్య. ఇంకొకరు ఆమె పెద్దవ్వ శంకరవ్వ. మొండయ్యకు వదిన. ఇద్దరికీ డెబ్బై దాటాయి. పొద్దున లేస్తే ఒకరినొకరు తిట్టుకోనిది ఇద్దరికీ చాయ్ దిగదు.

ఆ షెడ్డు కథ తెలియాలంటే మొండయ్య తండ్రి దగ్గర మొదలుపెట్టాలి. అప్పుడు షెడ్డు లేదు, సొసైటీ లేదు. ఊళ్లో ఎద్దు చస్తే మాదిగలు మోసుకుపోవాలి. తోలు వలిచి, సున్నపు నీళ్లలో నానేసి, వెంట్రుకలు గీకి, దాన్నే సంచిలా కుట్టి, నిండా తంగేడు చెక్క నానిన నీళ్లు పోసి దూలానికి వేలాడదీసేవారు. వారం పది రోజులు అది చుక్కలు చుక్కలుగా కారుతూ, కంపు కొడుతూ ఊని పదునెక్కేది. ఆ తోలుతోనే ఊరి బావులకు మోట బొక్కెనలు, ఎడ్లకు పట్టెడలు, పటేళ్లకు కిర్రుచెప్పులు. బదులుగా పంట కోసినప్పుడు కల్లం అడుగున మిగిలిన వడ్లు, మన్నుతో సహా ఊడ్చుకోమనేవారు. ఆ చెప్పులు తొడుక్కొని పటేలు కిర్రు కిర్రుమని వాడ ముందు నుంచి నడిచేవాడు. కుట్టినవాడు మాత్రం పటేలు వాకిట్లోకి ఉత్త కాళ్లతో పోవాలి.

కరెంటు మోటార్లు వచ్చి మోట బొక్కెనలు పోయాయి. అప్పుడే ఒక అధికారి, పేరు ఎవరికీ గుర్తులేదు, గోదావరి అవతలి బొగ్గుబాయిల కార్మికులకు బూట్లు ఇక్కడే కుట్టించవచ్చుగదా అన్నాడు. నాలుగెకరాల సర్కారు భూమి ఇచ్చారు, రేకుల షెడ్డు లేచింది. అప్పటికి మొండయ్యకు ఇరవై నాలుగేళ్లు.

బాయి బూటుకు నంబర్లు లేవు. జీతాల రోజున మొండయ్య, అతని తండ్రి, ఇంకో ముగ్గురు బాయి గేటు దగ్గర గోనెసంచులు పరుచుకొని కూర్చునేవారు. కార్మికుడు రావాలి, కాలు పెట్టాలి. కాగితం మీద కాలి చుట్టూ గీత గీసి, పాదం మీద కాగితం పట్టీ చుట్టి, ఎక్కడ మడత పడితే అక్కడ చిన్న చింపు చింపేవారు. ఇంటికొచ్చి ఆ కొలతకు టేకు మొద్దుతో రెండు కొయ్యకాళ్లు చెక్కేవారు. ఒక్కో మనిషికి ఒక్కో జత. ఆ కొయ్యకాళ్ల మీదే బూటు కుట్టేది. షెడ్డు వెనక గదిలో నేల నుంచి కప్పు దాకా అరల నిండా కొయ్యకాళ్లు. మడమ మీద కార్మికుడి పేరు.

ఎందుకంత కష్టం అని చిన్నప్పుడు జమున అడిగితే మొండయ్య ఒక్కటే అన్నాడు.

"బాయిల కప్పు కూలేటప్పుడు ఉరకాలె బిడ్డా. బూటు కరిస్తే కాలు ఒక్క గడియ ఆగుతది. ఆ ఒక్క గడియల మనిషి పోతడు."

అందుకే వాడలో ఒక కట్టుబాటు. కాలు చూడకుండా బూటు కుట్టొద్దు. ఎవరి కాలూ కాని బూటు కుడితే దెయ్యమే వచ్చి తొడుక్కుంటుందని శంకరవ్వ భయపెట్టేది. బూటు పాసైందో లేదో తేల్చడానికి బాయి మీద ఒకటే పరీక్ష: కార్మికుడు తొడుక్కొని గేటు నుంచి చింతచెట్టు దాకా ఉరికి రావాలి. మొహం చిట్లించకుండా వస్తే పాసు.

ఇరవై ఏళ్లు నడిచింది. తర్వాత మిషను బూటు వచ్చింది. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఇందులో నీ కాలు ఎక్కడ ఇరుక్కుంటే అదే నీది. బాయి ఆర్డరు ఆగిపోయింది. షెడ్డులో పని పోయినవాళ్లు బస్టాండ్లలో గొడుగుల కింద తెగిన చెప్పులు కుట్టారు, వాళ్ల కొడుకులు దుబాయి పోయి ఇంకొకరి అంతస్తులు తుడిచారు. ఎలక్షనుకు ఒకరు చొప్పున ముగ్గురు పెద్దమనుషులు వచ్చి తోలు పార్కు కడతామని మూడు రాళ్లు పాతారు. మొదటి రాయిని మొండయ్య పీకి షెడ్డులోకి తెచ్చుకున్నాడు. నున్నటి బండ, సోలు తోలు పెట్టి గూటంతో కొట్టడానికి అంత మంచి బండ ఇంకోటి దొరకదు. కొట్టీ కొట్టీ మంత్రి పేరు చెరిగిపోయింది. కింది వరుసలో "కరకమలములచే" అన్న ముక్క మాత్రం మిగిలింది.

పోయిన ఏడు ఎండాకాలంలో జిల్లా ఆఫీసు నుంచి శ్యాంసుందర్ వచ్చాడు.

నలభై అయిదేళ్లుంటాయి. మెత్తటి మనిషి. అంతకుముందు వచ్చిన ఆఫీసర్లు జీపు దిగకుండానే మాట్లాడి పోయేవారు. ఈయన దిగాడు, షెడ్డులోకి వచ్చాడు, ముక్కు మూసుకోలేదు, శంకరవ్వ ఇచ్చిన చాయ్ చివరిదాకా తాగాడు. అదే కొంప ముంచింది. చాయ్ తాగినవాణ్ని మనవాడు అనుకోవడం మనకు అలవాటు.

"ఆసిఫాబాద్, జైనూర్ దిక్కు హాస్టల్ పిల్లలకు నాలుగు వేల జతలు కావాలె," అన్నాడు శ్యాంసుందర్. "శాంపిల్ ఒక్క జత, ఎనిమిదో నంబరుది ఇయ్యుండ్రి. పాసైతే ఆర్డరు మీకే వచ్చేటట్టు చూస్త. కాకపోతే మాత్రం నా చేతుల లేదు. ఏండ్ల నుంచి పని నడుస్తలేదని భూమి వాపసు నోటీసు తయారైంది. గోదాముకు ఇస్తరట."

జమున లెక్క కట్టింది. నాలుగు వేల జతలు. దుబాయి నుంచి ముప్పై మందిని వెనక్కి పిలవొచ్చు. కుట్టుమిషను వచ్చిన ఆడపిల్లలు వాడలోనే ఇరవై మంది ఉన్నారు. బాపు పక్కన కూర్చుంటే ఆర్నెల్లలో నేర్చుకుంటారు. ఈ ఇద్దరు ముసలివాళ్లు పోకముందే నేర్చుకోవాలి. పోతే ఇక నేర్పేవాడు లేడు.

"ఎనిమిదో నంబరు జత కావాల్నట బాపు," అంది.

మొండయ్య తలెత్తాడు. "ఎనిమిదో నంబరంటే ఎవడు?"

"ఎవడు గాదు. నంబరు."

"నంబరుకు మడమ ఉంటదా? బొటనేలు ఉంటదా?"

"నంబరే నడుసుకుంట అస్తదేమో మరిదీ," అంది శంకరవ్వ. "నువ్వు తలుపు తీసి ఉంచు."

శ్యాంసుందర్ నవ్వాడు. "నాది ఎనిమిదే పెద్దాయనా."

"అట్ల చెప్పు సారు. పెట్టు కాలు."

జమున అడ్డం పడబోయింది. శ్యాంసుందరే చెయ్యి ఊపి, స్టూలు మీద కూర్చొని బూట్లు విప్పాడు. ఎడమ సాక్సుకు బొటనవేలి దగ్గర చిల్లు.

"ఏంది సారు, ఏలు బయటకొచ్చి మమ్ముల సూస్తున్నది," అంది శంకరవ్వ.

"ఇంట్ల చెప్పేటోళ్లు లేరవ్వా," అన్నాడాయన సిగ్గుపడుతూ.

మొండయ్య ఆ కాలును తొడ మీద పెట్టుకున్నాడు. పాతికేళ్లు దాటాక చేతిలోకి కాలు వచ్చింది. కాగితం మీద గీశాడు, పట్టీ చుట్టి చింపాడు, మడమ నొక్కి చూశాడు, రెండో కాలు తీసుకున్నాడు. మళ్లీ మొదటి కాలు అడిగాడు. రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు పట్టాడు.

"ఎడమ కాలు పెద్దది సారు. వడ్లగింజ పొడుగంత."

శ్యాంసుందర్ వంగి ఎడమ కాలు చూసుకున్నాడు. "నిజమా? పొద్దుమీకేసరికి ఎడమ బూటు బొటనవేలు కొరుకుతుంటది. నేను షుగరేమో అనుకున్న. రెండుసార్లు పరీక్ష కూడా చేయించుకున్న."

"షుగర్ గాదు. కాలు చెప్తనే ఉన్నది. వినేటోడే దొరకలే."

ఆయన పోతూ పోతూ మొండయ్య భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి పడిన చోటును మొండయ్య సాయంత్రం దాకా తడుముకున్నాడు. జమున చూసింది.

తోలు కోసం ఆమె కరీంనగర్ పోయింది. గులాం నబీకి అక్కడ తండ్రి నాటి తోళ్ల గోదాము. ఇప్పుడు అందులో ప్లాస్టిక్ కుర్చీలు అమ్ముతున్నాడు.

"గోరక్షకులమని రెండుసార్లు లారీ ఆపిండ్రు బేటీ," అన్నాడు. "రోగమొచ్చి చచ్చిన బర్రెల తోళ్లు, డాక్టరు రాసిచ్చిన కాయితం గూడ ఉండె. కాయితం సదివేటోడు ఎవడు? కట్టెలతోని డ్రైవర్ను కొట్టిండ్రు, తోళ్లు రోడ్డు మీద పారబోసి కిరోసిన్ పోసిండ్రు. మల్ల ఆ దందా జోలికి పోలే. మీకు ఆరె పోయింది, మాకు తోలు పోయింది. ఇద్దరం బరాబర్."

"ఒక్క జతకు సాలు చాచా."

నబీ లోపలికి పోయి పాత దుప్పటిలో చుట్టిన తోలు తెచ్చాడు. తంగేడు చెక్కలో ఊనిన బర్రె తోలు, చేతికి వెచ్చగా తగిలింది. "మీ తాత చేతుల ఊనింది. ఆఖరిది. అమ్మబుద్ధి కాలే. మొండయ్య భాయ్‌కి నా సలాం చెప్పు."

పైసలు తీసుకోలేదు.

పన్నెండు రోజులు పట్టింది. మొండయ్య రెండు కొయ్యకాళ్లు చెక్కాడు. మడమల మీద పేరు రాయమంటే జమున "శ్యాంసుందర్ సారు" అని పెన్సిలుతో రాసింది. శంకరవ్వ దారానికి మైనం పట్టించి, పై తోలు కుట్టింది. కుట్టు మధ్య దూరం కొలిచి చూస్తే ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. మొండయ్య సోలును "కరకమలములచే" బండ మీద పెట్టి కొట్టిన చప్పుడుకు వాడలో పిల్లలు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. వాళ్లు ఆ చప్పుడు ఎప్పుడూ వినలేదు.

ఆ రోజుల్లోనే జమున టెండరు కాగితం కూడబలుక్కొని చదువుతోంది. పదకొండో పేజీలో ఒక ముక్క దగ్గర ఆగింది. రెండుసార్లు చదివింది.

"బాపు, జతల రెండు బూట్లు ఒక్కతీరుగ ఉండాల్నట. రెండు మిల్లీమీటర్లకంటె ఎక్కువ తేడా రావద్దట."

"ఎవల కాళ్లు ఒక్కతీరుగ ఉంటయి?"

"అని రాసింది."

"రాసినోని కాళ్లు కొల్వమను. కాళ్లు అన్నదమ్ములు బిడ్డా, కవలలు గారు. బూటు కాలుకు కుడ్తరా, కాయితానికి కుడ్తరా?"

అక్కడ జమున పట్టుబట్టాల్సింది. ఒక్క మాట గట్టిగా అంటే, కుడికాలి కొయ్యనే చూసి ఇంకో ఎడమ కొయ్య చెక్కమంటే, మూడు రోజుల్లో అయిపోయేది. అనలేదు. ఆమె లెక్క ఇంకొకటి. సారు ఉంటాడు కదా. కాళ్లు ఆయనవే కదా. ఎవడైనా అడిగితే ఆయనే తొడుక్కొని చూపిస్తాడు. గేటు నుంచి చింతచెట్టు దాకా ఉరికిన కార్మికుల్లాగా. ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఏముంటుంది?

నలభై ఏళ్ల మనిషి. కాగితాలు చదివిన మనిషి. ఇలా అనుకుంది.

కరీంనగర్‌లో కమిటీ గది. ఏసీ. బల్ల అవతల అయిదుగురు, వాళ్లలో మూడో కుర్చీలో శ్యాంసుందర్. బల్ల మీద మూడు జతల బూట్లు. రెండు జతలు ఎక్కడో మిషన్లో పుట్టినవి, జిగురు వాసన. మూడోది మొండయ్యది. మొండయ్య తెల్ల అంగీ తొడుక్కొని వచ్చాడు. కూర్చోమనేవాడు లేక గోడకు ఆనుకొని నిలబడ్డాడు. జమున పక్కనే.

కొలతల మిషను తెచ్చిన కుర్రాడొకడు బూట్లను ఒక్కొక్కటిగా అందులో పెట్టి అంకెలు చదివాడు. మొదటి జత సరి. రెండో జత సరి. మూడో జత దగ్గర మళ్లీ పెట్టి చూశాడు.

"ఎడమది ఎనిమిది మిల్లీమీటర్లు ఎక్కువ సార్. జత తప్పింది."

నడిమి కుర్చీలోని పెద్దాయన బూటును ఇటూ అటూ తిప్పాడు. "కుట్టు బాగుందయ్యా. పెద్దాయనకు చూపు ఆనట్లేదేమో."

నవ్వులు.

"జత తప్పలే దొరా," అన్నాడు మొండయ్య. గొంతు మామూలుగానే ఉంది. "కాళ్లే అట్లున్నయి. ఆ కాళ్లు గీ గదిలనే ఉన్నయి. తొడిగి సూడుండ్రి."

"ఎవరి కాళ్లు?"

మొండయ్య చెయ్యి ఎత్తలేదు. చూపు మాత్రం మూడో కుర్చీ మీదికి పోయింది. జమున చూపూ పోయింది.

శ్యాంసుందర్ ఫైలులో ఏదో వెతుకుతున్నాడు. పేజీ తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు. బల్ల కింద ఆయన రెండు కాళ్లూ మెల్లగా కుర్చీ వెనక్కి జరగడం జమున నిలబడ్డ చోటు నుంచి స్పష్టంగా కనిపించింది.

అప్పుడు ఆమెకు అర్థమైంది. టెండరు నడుస్తుండగా ఆఫీసరు తన కాలు కొలతలిచ్చి బూట్లు కుట్టించుకున్నాడని మిషను బూటువాడొకడు అర్జీ పెడితే చాలు, ఆయన కుర్చీ కదులుతుంది. ఆయన మనసులో ఒక పక్క మొండయ్య షెడ్డు, ఒక పక్క తన కుర్చీ. తూచడానికి ఎంతో సేపు పట్టలేదు.

"సారూ," అంది జమున. "జర మీరు చెప్పుండ్రి."

"రూల్ ప్రకారం పోవాలె కదమ్మా," అన్నాడు శ్యాంసుందర్, ఫైలు నుంచి తల ఎత్తకుండా.

కుర్రాడు రబ్బరు ముద్ర తీసి రెండు బూట్ల సోలు మీద గుద్దాడు. రిజెక్టెడ్. తంగేడు చెక్కలో ఊనిన తోలు ఆ సిరాను ఇట్టే పీల్చుకుంది.

బస్సులో మొండయ్య బూట్ల సంచి ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. చొప్పదండి దగ్గరికొచ్చాక ఒక్క మాట అన్నాడు.

"ఆయన అబద్ధం జెప్పలే బిడ్డా. ఏం జెప్పలే."

"తప్పు నాదే బాపు. పదకొండో పేజీ నేను సదివిన."

"నువ్వు సదివినవు. నేను ఇన్న. ఇంకేంది?"

ఇంటి దగ్గర శంకరవ్వ సంచి విప్పి, ముద్ర చూసి, చదువు రాకపోయినా అర్థం చేసుకుంది. "చాయ్ తాగి పోయిండు గదనే," అంది. "ఇగ ఆ గిలాస నాకు వద్దు." ఆ గ్లాసును తీసుకుపోయి కుక్కలకు నీళ్లు పోసే చోట పెట్టింది.

మొండయ్య మర్నాడు షెడ్డుకు పోయాడు. బండ ముందు కూర్చున్నాడు. గూటం ఎత్తలేదు. ఆ తర్వాతి రోజు కూడా అంతే. వారం తర్వాత జమున అన్నం పెడుతూ చూస్తే కుడి చెయ్యి ఊరికే వణుకుతోంది. డాక్టరు నరాల మందు రాశాడు. చేతికి పని ఉన్నన్నాళ్లు వణకని నరం అది. ఇంక ఏ మందు వేస్తే ఆగుతుంది?

వానాకాలంలో శంకరవ్వ మనవరాలు సృజన జైనూర్ నుంచి ఫోన్ చేసింది. అక్కడ హాస్టల్లో టీచరు.

"చిన్నమ్మా, బూట్లు అచ్చినయి," అంది.

"ఎట్లున్నయి?"

"ఏం చెప్పాలె. అన్నీ రెండే సైజులు. చిన్నపిల్లలయి కాళ్లల్ల నుంచి ఊడిపోతున్నయి, పెద్దపిల్లలకు ఎక్కుతలేవు. మొన్న వాన పడ్డది గదా, అడుగులు ఊడి వాగుల కొట్టుకపోయినయి. పోరగాళ్లు బూట్లు చేతుల పట్టుకొని బడికి వస్తున్నరు. బూట్లు లేకుండ వస్తే హాజరు వెయ్యద్దన్నరట, అందుకే పట్టుకొని వస్తున్నరు."

జమున ఫోన్ పెట్టేసి ఈ మాట బాపుకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించింది. చెప్పింది. మొండయ్య విన్నాడు.

"వాళ్ల కాళ్లు ఎవడన్న సూసిండా?" అని అడిగాడు.

"సూడలే."

తల ఊపి గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు.

దసరా పోయిన పదో రోజు జేసీబీ వచ్చింది. నోటీసు ముందే వచ్చింది, జమున మూడు ఆఫీసులు తిరిగింది, ప్రతి ఆఫీసూ పక్క ఆఫీసును చూపించింది. బతికున్న పదకొండు మంది సభ్యుల్లో నలుగురు వచ్చారు, ఒకరు మంచం మీద. వాడ జనం రోడ్డుకు అవతల నిలబడ్డారు. జీపులో శ్యాంసుందర్. పంచనామా రాయాల్సింది ఆయనే.

మొదట శంకుస్థాపన రాళ్లు తీశారు. "జాగ్రత్త, జాగ్రత్త, పెద్దల పేర్లున్నయి," అని ఒక గుమాస్తా కూలీల వెంట పరుగెత్తాడు. బయట పాతి ఉన్న రెండు రాళ్లకు గోనె చుట్టి ట్రాక్టరులో పడుకోబెట్టారు. మూడోది లెక్కకు తక్కువైందని షెడ్డులో వెతికితే మొండయ్య బండ దొరికింది. దాన్నీ చుట్టారు.

తర్వాత వెనక గది. జేసీబీ పంజా ఒక్క గుంజు గుంజింది. గోడ పడింది, అరలు పడ్డాయి. కొయ్యకాళ్లు జలజలా రాలి బయటికి దొర్లాయి. వందలు. టేకు నిగ్గు ఇంకా పోలేదు. కొన్ని డ్రైవరు ముందుకొచ్చి ఆగాయి. అవతలి జనంలో ఎవరో ఏడ్చారు. ఎవరి తండ్రి చెక్కిన కాలు ఏదో ఎవరికి తెలుసు?

మొండయ్య ఆ కుప్ప దగ్గరికి పోయి కూర్చున్నాడు. ఎవరూ పొమ్మనలేదు. వణికే చేత్తో ఒక కొయ్యకాలు ఎత్తి మడమ మీద పేరు చూశాడు. చదువు రాదు. రాకపోయినా, వేలితో పాదం వంపు తడిమి, కుప్పలో వెతికి, దాని రెండోదాన్ని తీశాడు. జత కలిపి పక్కన పెట్టాడు. ఇంకొకటి ఎత్తాడు.

"మొండయ్యా," అంది శంకరవ్వ, మొదటిసారి ఆమె గొంతులో వెటకారం లేదు. "ఎందుకురా ఇగ."

ఆయన వినలేదు. బాలమల్లుది దొరికింది. బాలమల్లు బాయిలో కప్పు కూలినప్పుడు ఉరికి బతికినవాడు. జత కలిపాడు. పక్కన పెట్టాడు.

జమున తండ్రిని చూసింది. షెడ్డు పోతుందని ఆమెకు తెలుసు. దుబాయి నుంచి ఎవరూ రారనీ, ఆడపిల్లలకు నేర్పేవాడు ఇక లేడనీ తెలుసు. ఇప్పుడు అరిచినా, జేసీబీ ముందు పడుకున్నా గోడ మళ్లీ లేవదు. ఆమె అడగబోయేది అది కాదు. ఇంట్లోకి పోయి ఆ బూట్ల సంచి తెచ్చింది.

శ్యాంసుందర్ జీపు బంపరు మీద ప్యాడ్ పెట్టుకొని రాస్తున్నాడు. "ఉత్పత్తి లేదు. నాణ్యత ప్రమాణాలు అందుకోలేదు," అని రాసి ఉంది. ఎడమ బూటు లేసు వదులు చేసుకొని, ఆ కాలు కొంచెం ఎత్తి నిలబడ్డాడు.

జమున సంచిలోంచి జత తీసి ఆ కాగితం మీదే పెట్టింది. సోలు పైకి. ముద్ర కనబడేట్టు.

ఆయన చుట్టూ చూశాడు. "జమునా, ఇప్పుడిది ఎందుకు చెప్పు. నాకు గూడ బాధనే ఉన్నది."

"నీ బాధ నాకెందుకు?" అంది జమున. ఇన్నాళ్లు మీరు అన్న మనిషి, నువ్వు అంది. "బాయి మీదోళ్లంత మా బాపు చేతిల కాలు పెట్టిండ్రు. ఆయన తరఫున చెయ్యి ఎత్తిన మొగోడు ఒక్కడు లేడు. నువ్వు ఆనాడు కుర్చీ కిందికి కాళ్లు గుంజుకున్నవు. నేను సూసిన. ఇయ్యాల గుంజుకునేటందుకు కుర్చీ లేదు."

"నలుగురు చూస్తున్నరు..."

"సూడనీ. అందుకే గీడ అడుగుతున్న. షెడ్డు ఆపమంటలే, నీతోని కాదు. భూమి ఇయ్యమంటలే. ఆ బూట్లు విప్పు. గీ జత తొడుక్కో. అగో, ఆ గేటు కాడికి నడిచి మల్ల రా. కరిచిందో లేదో మా బాపు మొకం సూసి చెప్పు. చెప్పి, ఆ కాయితం మీద నువ్వు రాసిన ముక్క కొట్టేసి, 'గీ జత నా కాళ్లకు కుట్టిండ్రు, సరిగ్గ వచ్చింది, ఆనాడు నేను నోరు మూసుకున్న' అని నీ చేతితోని రాయి. సంతకం పెట్టు. పెట్టినంక ఏం కూలగొడ్తవో కూలగొట్టు."

వెనక మొండయ్య ఇంకో జత కలిపి పక్కన పెట్టాడు.

"తొడుగు," అంది జమున. "రాయి. ఇప్పుడే రాయి."